అంటు

ఓడ మరమ్మతుకని వల్పరాయిసోలో ఆగిన ఏడు వారాలూ
యాస్నా ఒహెదా వాళ్ళ ఇంట్లో కింది గది అద్దెకు తీసుకున్నాను.
రాత్రుళ్ళు పైనుంచి కత్తెర చప్పుడు.
ఒక్కోసారి ఏదో చిరిగిన చప్పుడు,
ఆ తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు.

ఆర్ట్ కాలేజీలో ఆఖరి ఏడు. డిసెంబరులో ప్రదర్శన.
పదకొండు బోర్డులు అయ్యాయి:
ట్రాలీబస్సు టిక్కెట్లు, ఉప్పు పట్టిన తాడు పీచు,
ఎవరిదో మోకాలి ఎక్స్‌రే,
చేపలంగట్లో తడిసిన ధరల చీటీ,
తారు, గోళ్ళరంగు,
నేనిచ్చిన మాడిపోయిన ఫ్యూజు ఒకటి.
అన్నీ బాగానే ఉన్నాయి.
బాగానే ఉండటమే వాటి జబ్బు.

"ఇంతకీ ఇదంతా దేని గురించి?" అందట టీచరు ఎలియానా,
కళ్ళజోడు నెత్తి మీదకి తోసి.
నోటికొచ్చింది చెప్పింది యాస్నా: సముద్రం.
"ఈ ఊళ్ళో ఏమీ తోచని ప్రతివాళ్ళూ
సముద్రమనే అంటారు."

ఆ వారమంతా పిల్ల మెట్ల మీదే కూర్చుంది.
పక్కన నేను.
నా దగ్గర నలభై స్పానిష్ మాటలు,
అందులో పన్నెండు తిండివి.

శనివారం ఉబాల్దో వచ్చాడు, పడమటి గోడ రేకు మార్చడానికి.
మేకు పీకగానే కీచుమని ఊడింది రేకు.
దాని వెనక కాగితం.
కాగితం మీద కాగితం, మళ్ళీ కాగితం,
చలిగాలి దూరకుండా ఎవరెవరో అంటించుకున్నది.
పైన ఫుట్‌బాల్ స్కోర్లు, వాటి కింద ఓడల రాకపోకలు,
ఇంకా లోపల నడుం పట్టీ ప్రకటనలో ఒక దొరసాని,
ఎలుకలు ఆవిణ్ణి మెడదాకా తినేశాయి.
ఎన్ని కాపురాలో, ఉడికించిన పిండి జిగురుతో,
ఒకళ్ళ మొహం ఒకళ్ళు ఎరక్కుండా
ఒకళ్ళ వీపుకి ఒకళ్ళు ఆనుకుని.

ఒక మూల నల్లగా ఉంది.
"ఇక్కడిదాకా వచ్చి ఆగింది," వేలితో గీశాడు ఉబాల్దో.
యాస్నాకి ఆరేళ్ళప్పుడు కొండంతా లేచిన మంట
ఈ గోడని రుచి చూసి వెనక్కి మళ్ళిందట.
అట్టలా బిగిసిన కాగితంలో గాలి ఆడదు,
గాలి ఆడకపోతే మంటకి ముద్ద దిగదు, అన్నాడు.
నిజమో కాదో. వడ్రంగి మాట.

యాస్నా పలక్కుండా పైకెళ్ళి
పదకొండు బోర్డులూ నేల మీద పరిచింది.
అప్పుడు కనిపించింది మా ఇద్దరికీ.
ప్రతిదాన్లో కింద కుడివైపు మూల
జిగురు రాయకుండా వదిలేసింది.
కిటికీ గాలికి పదకొండు మూలలూ లేచి పడుతున్నాయి.
తనకి తెలీదట. చేతికి తెలుసు.
నా నలభై మాటల్లో 'ఎందుకు' ఉంది,
కానీ అడగలేదు.

పన్నెండోదానికి ఆమె కత్తెర పట్టలేదు.
గోడనుంచి ఒక చాపంత పొర ఒలిచి,
జిగురు మరకల వీపు బయటికి తిప్పి
బోర్డుకి నాలుగు మేకులు కొట్టింది.
ఉబాల్దో సుత్తి అడిగి తీసుకుని మరీ.

పేరు పెట్టమంది ఎలియానా.
నా దగ్గర ఒకటుందని ఎలా చెప్పను?
మా భాషలో జిగురుకి పట్టుకున్నా అంటుకోవడమే,
నిప్పు పట్టుకున్నా అంటుకోవడమే.
కొమ్మని ఇంకో కొమ్మకి కట్టి బతికిస్తే అంటు.
పక్కవాడి జ్వరం మనకొస్తే అంటు.
తిని కడగని గిన్నె అంటు.
సాటి మనిషిని గుమ్మం అవతల నిలబెట్టడానికీ
ఆ మాటే వాడాం, చెప్పుకోడానికి సిగ్గు.
పొర మీద పొర, అదీ ఆ గోడలాంటిదే.

ఆమె నోట్‌బుక్ చివరి పేజీలో
తెలుగులో రెండక్షరాలు రాసిచ్చాను.
మధ్యలో ఉన్న సున్నా మీద వేలు పెట్టి
"ఇది నచ్చింది," అంది.
కత్తెర తీసి
దాని చుట్టూ మాత్రం గుండ్రంగా కత్తిరించుకుంది.

ఎక్కడ అంటించిందో తెలీదు.
మంగళవారం మా ఓడ కదిలింది.